పుస్తకాల తిరునాళ్ళలో పదకొండు గంటల టిఫిను

మన పత్రికలో నేను ఇంతకు ముందు రాసింది ఒకటే, పళనికి నడిచి పోయిన సంగతి. అది అచ్చయినాక మా వీధిలో ఇద్దరు బాగుండాది అన్నారు. ఒకాయన మాత్రం, "చెప్పులు పోగొట్టుకున్నది గూడా రాయాలా?" అని అడిగినాడు. జరిగింది జరిగినట్టు రాయడమే నాకు తెలుసు. ఈసారి రాసేది ఒక పెద్ద నవలా రచయితతో కూర్చుని టిఫిను తిన్న సంగతి. దాంతో బాటు మా అక్క సంగతి. రెండూ విడదీసి రాయాలని చూస్తిని, కుదరలేదు.

మన తిరుప్పూరులో జనవరి ఆఖరుకి పుస్తకాల తిరునాళ్ళు పెడతారు, మీకు తెలిసిందే. తమిళంలో పుత్తగ తిరువిళా. బపాసి అని పుస్తకాలు అచ్చు వేసేవాళ్ళ సంఘం, మన ఊరి పిన్నల్ బుక్ ట్రస్టు కలిసి చేస్తా వచ్చినారు. పిన్నల్ అంటే అల్లిక. బనియన్ల ఊరికి తగిన పేరే పెట్టుకున్నారు. అన్నేళ్ళుగా జరుగుతా ఉన్నా నేను లోపలికి పోయింది తక్కువ. మిల్లులో ఉన్నప్పుడు షిఫ్టు, మిల్లు వదిలినాక మోకాలి నొప్పి. ఈసారి పోయింది గూడా పుస్తకం కొనడానికి కాదు. ఒక పుస్తకాల కంపెనీవాళ్ళకి స్టాలులో కట్టలు విప్పి సర్దడానికి మనిషి కావాలంటే, పది దినాల పనికి ఒప్పుకున్నాను. పి.ఎఫ్. పెన్షన్ నెలకు ఎంత వస్తాదో నేను చెప్పి మీరు వినాల్సిన పని లేదు.

ఆదివారం పొద్దున. స్టాళ్ళు ఇంకా పూర్తిగా తెరవలేదు. సాయంత్రం మాట్లాడాల్సిన ఒక రచయిత ఊరి నుంచి రాత్రి బండిలో వచ్చి, రూములో పడుకోబుద్ధి కాక పందిట్లోకి వచ్చేసినారు. బక్క మనిషి, రబ్బరు చెప్పులు, భుజాన గుడ్డసంచి. నేను ఎవరో బాకీ వసూలుకు వచ్చినాయన అనుకున్నాను. స్టాలు పిల్లవాడు ఆయన్ని చూసి లేచి నిలబడి చేతులు కట్టుకున్నాక తెలిసింది పెద్దాయన అని. మా మనవరాలి కాలేజీ పుస్తకంలో ఆయన కథ పాఠంగా ఉండాదంట. ఆయన పేరు ఇక్కడ రాయను. రాయనా అని అడిగితే, "నా పేరు వద్దు, మీ అక్క సంగతి రాయండి" అన్నారు.

పిల్లవాడు నన్ను పిలిచి, "తాతా, సారుని తీసుకుపోయి బ్రంచ్ తినిపించు" అన్నాడు. అదేందిరా అంటే, పొద్దుటి టిఫినుకీ మధ్యాహ్నం భోజనానికీ నడుమ తినేది, పెద్ద హోటళ్ళలో దానికి వెయ్యి రూపాయలు తీసుకుంటారు అని చెప్పినాడు. నాకు నవ్వొచ్చింది. నైటు షిఫ్టు దిగి, ఇంటికి వచ్చి, నీళ్ళు పోసుకుని, ఒక కునుకు తీసి, పదకొండుకి లేచి చద్దన్నమో దోసో తిని మళ్ళా పడుకోవడం మనవాళ్ళు ఎన్నేళ్ళుగా చేస్తా ఉండేదే కదా! దానికి ఇంగ్లీషు పేరు ఉండాదని తెలియక ముప్పై ఎనిమిదేళ్ళు తిన్నాను.

పందిలి వెనక తిండి అంగళ్ళు. సంతకై వేడిగా ఒత్తుతా ఉన్నారు. సజ్జ అంబలి, చిన్నుల్లిపాయ, మజ్జిగ మిరపకాయ. గుంట పొంగనాలు. రచయిత సారు సంతకై రెండు ప్లేట్లు తిన్నారు, ఒకటి కొబ్బరిపాలతో, ఒకటి నిమ్మకాయతో. ఆకలి గలిగిన మనిషి. నేను అంబలి తీసుకున్నాను. ఇద్దరమూ ప్లాస్టిక్ కుర్చీల్లో ఎదురెదురుగా కూర్చున్నాం. ఏం మాట్లాడాలో నాకు తోచలేదు. ఆయన పుస్తకం ఒకటీ చదవలేదు, ఆ మాట చెప్పడానికి సిగ్గు.

అప్పుడే ఫోను మోగింది. మా అక్క. ఆదివారం ఆదివారం మాట్లాడుకుంటాం. రింగు ఫ్రేముల మోతలో పని చేసినవాళ్ళకి చెవులు ఎట్లా పోతాయో మీకు తెలుసు కదా, నాకు స్పీకరు పెట్టుకుంటే గాని వినపడదు. పెట్టుకున్నాను.

"అక్కా, బాగుండావా? తింటివా?"

"నల్లా ఇరుక్కేన్‌ప్పా. సాప్‌ట్టాచ్చు."

"మోకాళ్ళకి నూనె రాసుకుంటా ఉండావా?"

"తేచ్చుక్కిట్టుదాన్ ఇరుక్కేన్. నీ ఎప్పడి ఇరుక్కే?"

రెండు నిమిషాలే. ఆమెతో ఎప్పుడూ రెండు నిమిషాలే. ఫోను పెట్టేసి చూస్తే ఆ సారు చేతిలో సంతకై అట్లాగే పట్టుకుని నన్ను చూస్తా ఉండారు. చక్కని తెలుగులో అడిగినారు, "ఏమండీ, మీరు తెలుగులో అడుగుతా ఉండారు, ఆమె తమిళంలో జవాబు చెప్తా ఉండారే?"

ఆయన ఇంట్లో గూడా తెలుగే. రాసేది తమిళం. అది తెలిసినాక నాకు కొంచెం దైర్యం వచ్చింది, కొంచెం దడ గూడా వచ్చింది. ఎందుకంటే ఆ ప్రశ్న పదిహేనేళ్ళుగా నన్ను ఎవరూ అడగలేదు. మా ఇంట్లోవాళ్ళకి కారణం తెలుసు, బయటివాళ్ళకి ఫోను వినపడదు.

చెప్పేసినాను. మీకూ చెప్తాను.

మా ఊరు సాత్తూరు పక్క నల్లరేగడి పల్లె. నాకు ఆరో ఏడు నడిచేటప్పుడు మా అమ్మ పోయింది. అక్క నా కంటే పదేళ్ళు పెద్ద. పొద్దున అగ్గిపెట్టెల పని, సాయంత్రం పత్తి చేనులో కలుపు, నడుమ నాకు కూడు వండి పెట్టి బడికి పంపింది. అయిదో తరగతి దాకా మా ఊళ్ళో తెలుగు చెప్పే అయ్యవారు ఒకాయన ఉండేవారు. ఈ నాలుగు అక్షరాలు రాస్తా ఉండానంటే ఆయన బెత్తం, అక్క కూలి డబ్బు, రెండూ కారణం. పదిహేడో ఏట తిరుప్పూరుకి వచ్చి బద్లీగా మిల్లులో చేరినాను. రూములో తోటి కుర్రాళ్ళు నన్ను పేరు పెట్టి పిలవలేదు, "డేయ్ వడుగా" అనేవాళ్ళు. వడుగన్ అంటే తెలుగోడు. అది తిట్టు కాదు, ఊరికే అంటారు. అయినా రోజూ వింటే మనిషి కొంచెం కొంచెం దాక్కోవడం మొదలుపెడతాడు. అందరూ అట్లా కాదు. యూనియన్ ఆఫీసులో దినపత్రిక ముందర పెట్టుకుని నాకు తమిళం అక్షరం అక్షరం నేర్పించింది ఒక తమిళ అన్నే. ఆయన ఋణం నేను తీర్చుకోలేదు.

2009లో నా కూతురి పెళ్ళి. తిరుప్పూరు కొత్తగా జిల్లా అయిన ఏడు, అందుకని జ్ఞాపకం. పెద్ద మండపం కాదు గాని మిల్లు నుంచి మాస్టరు వచ్చినారు, నా కూతురు పని చేసే బనియన్ కంపెనీ ముదలాళి వచ్చినారు. అక్క ఊరి నుంచి పదిమంది ఆడవాళ్ళను వేసుకుని వ్యానులో దిగింది. మా పల్లె గొంతులు మీకు తెలియనివా, ఆ చేని గట్టున నిలబడి ఈ చేనులో వాళ్ళని పిలిచే గొంతులు. పెళ్ళికొడుకు చుట్టాలతో, వంటవాళ్ళతో, ముదలాళితో, అందరితోనూ తెలుగే. ముదలాళి పక్కనున్న ఒకాయన ఏదో అని నవ్వినాడు. ఏమన్నాడో నాకు వినపడలేదు. నవ్వు కనబడింది. అంతే, నేను వంటింటి వెనక్కి పోయి అక్కను చెయ్యి పట్టుకుని, "ఈడ తెలుగు మాటలాడొద్దు, నా పరువు పోతా ఉండాది" అన్నాను.

అక్క నా మొహం చూసింది. "సరిప్పా" అంది. తమిళంలో.

పెళ్ళి బాగా జరిపించింది. అరుంధతి చూపించే దాకా ఉండి, అందరికీ తాంబూలం ఇచ్చి పోయింది. ఆ దినం నుంచి ఈ దినం దాకా నాతో తెలుగు మాట ఒకటి ఆడలేదు. కోపం చూపించదు, తిట్టదు. నాకు జ్వరమొస్తే కషాయం పొడి పంపిస్తుంది. నా పిల్లలతో తెలుగు, తన పిల్లలతో తెలుగు, మేకలతో గూడా తెలుగే. నాతో మాత్రం తమిళం.

ఆ సారు ఇదంతా విని, తప్పు చేస్తివి అని గాని, పోనీలే అని గాని అనలేదు. చెయ్యి కడుక్కుని వచ్చి, రెండు టీలు చెప్పి, "మీ అక్కగారికి పాత కథలు తెలుసా? మనవాళ్ళు ఆ దేశం నుంచి ఈ దేశానికి ఎట్లా వచ్చినారనే కథ?" అని అడిగినారు. మా అవ్వ చెప్పేది, అక్క మొత్తం నేర్చుకుంది, నాకు నిద్రపోయే ముందు చెప్పేది, నేను సగంలోనే నిద్రపోయేవాణ్ణి అన్నాను. నాకు తెలిసిందల్లా ఒక రాజు, ఒక అందమైన పిల్ల, రాత్రికి రాత్రి ఊరు వదిలి పరుగు, ఒక ఏరు. ఏరు ఎట్లా దాటినారో తెలియదు. అక్కడికి వచ్చేటప్పటికి నాకు నిద్ర.

"ఆ కథ తమిళంలో నవలగా వచ్చింది, మీకు తెలియదా?" అన్నారు.

కి. రాజనారాయణన్ పేరు నేను విన్నాను. 2021 మే 17న పుదుచ్చేరిలో ఆయన పోయినప్పుడు, కరోనా కాలంలో, ప్రభుత్వ లాంఛనాలతో సొంత ఊరు ఇడైసెవల్‌లో సంస్కారం జరిపించినారని టీవీలో చూసినాను. తమిళ రచయిత అనుకున్నాను. తమిళ రచయితే. కాని ఇంట్లో తెలుగు. కోవిల్‌పట్టి పక్కన మనలాంటి తెలుగు రైతు కుటుంబంలో పుట్టి, పొలం పని చేసి, కమ్యూనిస్టు రైతు ఉద్యమాల్లో జైలుకు పోయి, ముప్పై దాటినాక కథలు రాయడం మొదలుపెట్టినారంట. మొదటి కథ 1958లో సరస్వతి అనే పత్రికలో వచ్చింది. చదువు బడిలో పెద్దగా లేదు. అట్లాంటాయన్ని తర్వాత పుదుచ్చేరి విశ్వవిద్యాలయంవాళ్ళు పిలిచి జానపద కథలు సేకరించే పనికి ప్రొఫెసరుగా పెట్టుకున్నారు. మా రేగడి నేల పల్లెల్లో జనం ఆడే మాటలన్నీ పోగు చేసి ఒక నిఘంటువు గూడా వేసినారు. 1976లో గోపల్ల గ్రామం అనే నవల వచ్చింది. మనవాళ్ళు తెలుగుదేశం నుంచి పారిపోయి వచ్చి, ముళ్ళకంప నరికి, రేగడి నేల బాగు చేసుకుని ఊరు కట్టుకున్న కథ. దాని తర్వాత కథ గోపల్లపురత్తు మక్కళ్, దానికే 1991లో సాహిత్య అకాడెమీ బహుమతి.

ఇదంతా ఆ సారు టీ చల్లారిపోయే దాకా చెప్పినారు. తన పుస్తకాల గురించి ఒక మాట చెప్పలేదు. నాకు ఒక అనుమానం వచ్చి అడిగినాను. "తెలుగోళ్ళ కథ తెలుగులో రాయకుండా తమిళంలో ఎందుకు రాసినారయ్యా?"

"మీకు తమిళం చదవడం వచ్చు, తెలుగు గూడా వచ్చు. మీ పిల్లలకి?"

తమిళమే అన్నాను. తెలుగు మాట్లాడతారు, చదవలేరు. మనవరాళ్ళు మాట్లాడేది గూడా అంతంత మాత్రం. 2006లో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి చేస్తా చట్టం వచ్చింది. దాని మీద మనవాళ్ళలో రెండు మాటలు ఉండాయి, మీకు తెలుసు. నా మాట అడిగితే, ఉన్న ఊరి భాష నేర్వడం మంచిదే. కాని మా ఊళ్ళో అయ్యవారు పోయినాక తెలుగు చెప్పేవాళ్ళు లేకపోయింది దానికి చాలా ముందే. అప్పుడు మనం ఎవరం అడగలేదు.

"మరి ఎవరు చదవాలని రాస్తారు?" అన్నారు ఆ సారు. "ఇంట్లో నేను తెలుగులో కలలు కంటాను, పొద్దున లేచి తమిళంలో రాస్తాను. ఇప్పుడు ఒక నూలు మిల్లు గురించి రాస్తా ఉండాను. మీరు ముప్పై ఎనిమిదేళ్ళు రింగు ఫ్రేము దగ్గర ఉన్నారు కదా, స్పిండిల్‌ని మన తెలుగులో ఏమంటారు?"

స్పిండిలే అన్నాను. తమిళంలో కదిర్ అంటారని చెప్పినాను. తెలుగులో? ఒక ఫ్రేముకి నాలుగు వందలకు పైగా స్పిండిళ్ళు. సైడరుగా రెండు పక్కలా నడుస్తా తెగిన పోగు తెగినట్టే అతికించుకుంటా వచ్చినాను. ఎన్ని కోట్ల సార్లు చేత్తో తాకినానో. దాని పేరు నోటికి రాలేదు. మా అవ్వ రాట్నం తిప్పేది, దానికి ఆ పుల్ల ఉండేది, చిన్నప్పుడు దాంతో వేలు గుచ్చుకుని ఏడ్చినాను గూడా. పేరు రాలేదు. ఆయనకీ తెలియదంట. "మీ అక్కగారికి తెలుస్తాది. కనుక్కుని చెప్తారా?" అని ఒక చీటీ మీద ఫోను నంబరు రాసి ఇచ్చినారు.

సాయంత్రం ఆయన మాట్లాడేటప్పుడు పందిలి నిండిపోయింది, సంతకాలకి వరస గేటు దాకా. నేను కట్టలు విప్పుతా దూరం నుంచి విన్నాను. ఆఖరు దినం నా కూలి డబ్బులో గోపల్ల గ్రామం కొన్నాను. అందరికీ ఇచ్చే పది శాతం తగ్గింపే, పని చేసినవాడని ఎక్కువేమీ తగ్గించలేదు. పక్క స్టాలులో మన ఊరాయన సుప్రభారతిమణియన్ రాసిన సాయత్తిరై గూడా చూసినాను. తిరుప్పూరు రంగు నీళ్ళు నొయ్యల్ ఏటిని ఏం చేసినాయో దాని కథ. ఆయన ఉద్యోగం మీద చాలా ఏళ్ళు సికింద్రాబాదులో ఉండి వచ్చినారంట. 2011లో హైకోర్టు డైయింగులు మూయించినప్పుడు మా అల్లుడు పని లేక ఇంట్లో కూర్చున్న దినాలు గుర్తొచ్చి అదీ కొందామనుకున్నాను. జేబు ఒప్పుకోలేదు. వచ్చే ఏడు.

గోపల్ల గ్రామం చదవడానికి నాకు ఇరవై దినాలు పట్టింది. కూడబలుక్కుని, రోజుకు నాలుగైదు పేజీలు. అందులో మంగత్తాయారు అమ్మాళ్ అని నూట ముప్పై ఏడేళ్ళ అవ్వ ఉంటుంది, కూర్చోబెట్టి వలస కథ చెప్తుంది. చెన్నాదేవి అనే అందగత్తె కోసం ఒక తురక రాజు ఆశపడతాడు, పిల్లను ఇవ్వలేక జనం పారిపోతారు. అది పాత కాలం కథ, నిజమెంతో కల్పన ఎంతో దేవుడికెరుక. మిల్లులో నాకు పోగు అతికించడం నేర్పింది ఒక భాయ్, నా కూతురి పెళ్ళికి బిరియానీ చెంబులు ఇచ్చింది ఆయన ఇంటినుంచే. అందుకని ఆ కథ ఎవరైనా ఇప్పటివాళ్ళ మీద కోపానికి వాడుకుంటే నాకు నచ్చదు. నన్ను పట్టుకున్నది అది కాదు. ఆ పారిపోయేవాళ్ళ ఆకలి, దారిలో దొరికినది తిని కడుపు నింపుకోవడం, కొత్త నేల మీద ఎవరూ తెలిసినవాళ్ళు లేకపోవడం. 1976లో తిరుప్పూరు బస్టాండులో గుడ్డ మూటతో దిగిన దినం నాకు కళ్ళ ముందర ఆడింది.

మార్చిలో పుస్తకం సంచిలో పెట్టుకుని బస్సెక్కినాను. ధారాపురం, ఒట్టన్‌సత్రం, దిండిగల్లు, మదురై. మదురైలో బండి మారి విరుదునగరం దాటినాక నేల నలుపు తిరుగుతుంది. సాత్తూరులో దిగాల్సినవాణ్ణి, దిగలేదు. నిజం చెప్తాను, భయం. అక్క ముందు ఏమని మొదలుపెట్టాలో తెలియక, ముందు ఆ పెద్దాయన ఊరు చూసి వద్దామని కోవిల్‌పట్టికి టికెట్టు పొడిగించుకున్నాను. కండక్టరు సణిగినాడు.

కోవిల్‌పట్టిలో కి.రా.కి ప్రభుత్వం నినైవరంగం కట్టింది, 2022లో తెరిచినారు. ఆయన పటాలు, పుస్తకాలు ఉండాయి. నేను పోయినప్పుడు నేనూ, పరీక్షకి చదువుకునే ఇద్దరు పిల్లలూ తప్ప ఎవరూ లేరు. బయటికొచ్చి పావుకిలో కడలై మిట్టాయి కొన్నాను. ఆ ఊరి వేరుసెనగ అచ్చుకి 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది గాని, అక్కకు అది ముందు నుంచీ ఇష్టం, గుర్తింపుతో పని లేదు.

అక్కడి నుంచి దక్షిణంగా తిరునెల్వేలి దారిలో పోతే ఇడైసెవల్. ఇంకా పోతే కయత్తారు, కట్టబొమ్మనను 1799లో ఉరి తీసిన చోటు. ఆయన పూర్వీకులూ తెలుగు మాట్లాడినవాళ్ళే. ఇడైసెవల్ పెద్ద ఊరేం కాదు. పత్తి తీసేసిన చేలు, ఎండిన మోళ్ళు, తుమ్మచెట్లు, మేకలు. అంత చిన్న ఊరి నుంచి ఇద్దరు అకాడెమీ బహుమతి పొందినవాళ్ళు, కి.రా., ఆయన స్నేహితుడు కు. అళగిరిసామి. అళగిరిసామి 1970లో పోయినారు, బహుమతి ఆయన పోయినాకే వచ్చింది. టీ అంగడి దగ్గర ఒక ముసలమ్మ మేకలకు ఆకు వేస్తా ఉంది. తమిళంలో దారి అడిగినాను. నన్ను కింద నుంచి పై దాకా చూసి, "యా ఊరు నాయనా నీది?" అనింది. నా తమిళంలో ఏం పట్టుకుందో తెలియదు. యాభై ఏళ్ళు తిరుప్పూరులో దాక్కున్నవాణ్ణి, ఆ అవ్వ ఒక్క మాటకి బయటికి లాగేసింది.

కి.రా. చదివిన బడి చూసినాను. ఆయన రోజూ నడిచిన వీధిలో ఈ కొస నుంచి ఆ కొసకి నడిచినాను. ఎక్కువ సేపు ఉండలేదు. సాయంత్రం బండికి వెనక్కి తిరిగి, చీకటి పడే ముందు అక్క ఇల్లు చేరినాను.

అక్క వాకిట్లో చేటలో మినుములు చెరుగుతా ఉంది. "వాప్పా" అనింది. కాళ్ళకు నీళ్ళిచ్చింది. మిట్టాయి పొట్లం తీసుకుని వాసన చూసి పక్కన పెట్టింది. చిక్కిపోయింది. డెబ్బై ఆరు. కంటిలో శుక్లం తీసినారు గాని అక్షరం అంటే ఆమెకు మొదటి నుంచీ రాదు.

కూడు తిన్నాక పుస్తకం తీసినాను. క్షమించమని అడగాలని బస్సులో నేర్చుకున్న మాట ఒకటీ నోటికి రాలేదు. "అక్కా, మనవాళ్ళు వచ్చిన కథ ఇందులో ఉండాది, చదువుతాను వింటావా?" అన్నాను. తలూపింది. లైటు కింద కూర్చుని తమిళంలో చదవడం మొదలుపెట్టినాను. అక్కడక్కడ ఆగి, కూడబలుక్కుని. అక్క గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నాను. ఆమె కోడలు, ఇద్దరు పిలకాయలు గూడా వచ్చి కూర్చున్నారు. ఏరు దగ్గరికి వచ్చేటప్పటికి నా గొంతు ఎండి నీళ్ళు తాగుతా ఉండాను.

అక్క కళ్ళు తెరవకుండా, "కానుగ చెట్టు" అనింది.

నేను చెంబు దించినాను.

"ఏరు పొంగి పారతా ఉండాది. వెనక గుర్రాల చప్పుడు. ముసిలోళ్ళు, చంటిబిడ్డ తల్లులు. అప్పుడు గట్టున ఉన్న కానుగ చెట్టు తల్లి మాదిరి వంగి ఆ గట్టుకు కొమ్మ ఆనించింది. దాని మింద నడిచి పోయినారు. ఆఖరోడు దిగినాక మళ్ళా లేచి నిలబడుకుంది. అందుకే మన అవ్వ కానుగ పుల్లతో పళ్ళు తోమనిచ్చేది కాదు. నీకు యాడ జ్ఞాపకం, నువ్వు ఏటి కాడికి రాకముందే గురక పెడితివి."

పుస్తకంలో ఎట్లా ఉండాదో మీరే కొనుక్కుని చదవండి, నేను చెప్పను. అక్క చెప్పింది ఇట్లా. చెప్తా చెప్తా, పిలకాయల్లో ఒకడు దగ్గితే వాణ్ణి కసిరి, మళ్ళా మొదలుపెట్టి, ఏరు దాటినాక ఏ ఊళ్ళో ఆగినారు, ఎవరు దారిలో పోయినారు, ఏ దేవతను బుట్టలో పెట్టుకుని తెచ్చినారు, అన్నీ చెప్పింది. రాత్రి పదకొండున్నర దాటింది. నేను పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకున్నాను. తమిళం ఎప్పుడు ఆగిపోయిందో ఆమె గమనించిందో లేదో నాకు తెలియదు. నేను ఆ మాట ఎత్తలేదు, ఎత్తితే మళ్ళా మారిపోతుందని భయం.

ఆమె లేచి చాప పరుస్తా ఉంటే, చీటీ గుర్తొచ్చింది. "అక్కా, మన అవ్వ రాట్నానికి సన్నగా ఇనప పుల్ల ఉంటాది గదా, దూది ఏకు పట్టుకుని లాగితే నూలు చుట్టుకునేది, దాన్నేమంటారు?"

"కదురు," అనింది. "నీ వేలు గుచ్చుకుని ఊరంతా ఎగిరేటట్టు ఏడిస్తివి గదరా. ముప్పై ఎనిమిదేళ్ళు దాంతోనే కూడు తింటివి, పేరు తెలీదా?"

ఎవరడిగినారు అనింది. పెద్ద రచయిత, ఆయనతో కూర్చుని టిఫిను తిన్నాను, సంతకై రెండు ప్లేట్లు తిన్నారు అని చెప్పినాను. అంత పెద్దాయనకు ఉత్త సంతకైయేనా పెట్టింది అని కోప్పడింది. పొద్దున నేను బయలుదేరేటప్పుడు సంచిలో రెండు పొట్లాలు పెట్టింది. వేయించిన వేరుసెనక్కాయలు ఒకటి నాకు, ఒకటి ఆ సారుకి.